వార్డులో తెర ముందు: విశాఖ నర్సులకూ ఇన్‌ఛార్జ్ సిస్టర్లకూ డిజిటల్ పనిపై సమగ్ర మార్గదర్శి

విశాఖలో ఏ పెద్ద ఆసుపత్రికి వెళ్లినా ఒకే వార్డులో రెండు తరాల నర్సులు కనిపిస్తారు. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో బీఎస్సీ నర్సింగ్‌ను సెమిస్టర్ పద్ధతిలోకి మార్చినప్పుడు, రెండో సెమిస్టర్‌లో ‘హెల్త్/నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్ అండ్ టెక్నాలజీ’ అనే సబ్జెక్టు పెట్టింది. ఆ తర్వాత చదివినవాళ్లకు ఎలక్ట్రానిక్ రికార్డు, హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ అనే మాటలు క్లాసులోనే పరిచయమయ్యాయి. వాళ్ల సీనియర్లు పగలు బ్లూ ఇంకు, రాత్రి రెడ్ ఇంకుతో కేస్ షీట్లు నింపి ఇంతదాకా వచ్చినవాళ్లు. పేషెంట్ ముఖం చూసి ‘ఈయన రాత్రికి తేడా చేసేలా ఉన్నాడు’ అని పసిగట్టేది వాళ్లే. కంప్యూటర్ ముందు కూర్చోమంటే మాత్రం టెన్షన్.

దీనివల్ల వార్డుల్లో ఒక అలవాటు ముదిరింది. సీనియర్ సిస్టర్ పేషెంట్‌ను చూస్తారు, జూనియర్ సిస్టర్ ఆవిడ బదులు కంప్యూటర్‌లో కొట్టేస్తారు. చూసింది ఒకరు, రాసింది ఇంకొకరు, లాగిన్ ఒక్కోసారి మూడోవాళ్లది. పని సాగిపోతున్నట్టే కనిపిస్తుంది కానీ ఆ రికార్డును ఇక నమ్మడానికి లేదు. పేషెంట్‌ను చూసిన మనిషే, చూసిన వెంటనే, చూసింది చూసినట్టు తెర మీద పెట్టగలగాలి. కింద చెప్పే మెట్లన్నీ దాని కోసమే. టైపింగ్ వేగం, ఎక్సెల్, ఏఐ వగైరా దాని తర్వాతి మాట.

మొదటి మెట్టు: ఎక్కడున్నారో చూసుకోండి

‘మీకు కంప్యూటర్ వచ్చా?’ అని అడిగితే ఉపయోగం లేదు. వచ్చినవాళ్లూ రానివాళ్లూ ‘ఏదో కొంచెం వచ్చు మేడమ్’ అనే అంటారు. అడగడం మానేసి చేసి చూపించమనండి. నర్సైతే మీకు మీరే చేసి చూసుకోండి:

- మీ సొంత లాగిన్‌తో ఎక్కి, మీ పేషెంట్‌ను పేరుతో కాకుండా యూహెచ్‌ఐడీ (ఆసుపత్రి ఒక్కో పేషెంట్‌కు ఇచ్చే ప్రత్యేక సంఖ్య) నంబరుతో వెతికి తెరవడం
- కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్‌ను నిన్నటిదీ ఇవాళ్టిదీ వెతికి తీసి, పెరిగిందో తగ్గిందో చెప్పడం
- పొరపాటున ఎంటరైన బీపీని మీ ఆసుపత్రి నిబంధన ప్రకారం సరిచేయడం
- ఒక ఫైలును అర్థమయ్యే పేరుతో సేవ్ చేసి, రెండ్రోజుల తర్వాత మళ్లీ వెతికి తీయడం
- కుర్చీలోంచి లేచేముందు తెర లాక్ చేయడం

మూడోది చాలామందికి రాదు. ఎందుకంటే ఎవరూ నేర్పలేదు. ఇన్‌ఛార్జ్ సిస్టర్లు, నర్సింగ్ సూపరింటెండెంట్లు కూడా ఇదే పరీక్ష ముందు తలుపేసుకుని ఒంటరిగా చేసుకుంటే మంచిది. మనకు రాని పని గురించి పదిమంది ముందు ఉపన్యాసం ఇస్తే ఇబ్బందే మిగులుతుంది.

రెండో మెట్టు: చేతి అలవాట్లు

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టనక్కర్లేదు. రోజూ పది నిమిషాలు కీబోర్డు మీద చేయి తిరిగితే చాలు. నర్సుకు గంటల తరబడి టైపు చేసే పని ఉండదు, ఉన్నా అది నర్సు పని కాదు. విండోస్ కీతో పాటు ‘ఎల్’ నొక్కితే తెర లాక్ అవుతుంది. కంట్రోల్‌తో ‘ఎఫ్’ నొక్కితే పెద్ద జాబితాలో కావలసిన పేరు దొరుకుతుంది. ఆల్ట్‌తో ‘ట్యాబ్’ నొక్కితే తెరిచి ఉన్న కిటికీల మధ్య మారవచ్చు. ఈ మూడూ వేళ్లకు పట్టాలి.

తెలుగు టైపింగ్ కూడా నేర్చుకోండి. డిశ్చార్జ్ సలహా ఇంగ్లిష్‌లో ప్రింట్ తీసి ఇస్తే, పాడేరు నుంచి వచ్చిన ఇంటివాళ్లు దాన్ని మందుల షాపతనితో చదివించుకోవాల్సి వస్తుంది. విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు జోడించుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు వస్తుంది. ఫోన్‌లో మాట్లాడితే టైప్ చేసే సౌకర్యమూ ఉంది. అయితే అది ‘వేసుకోవాలి’ని ‘వేసుకోకూడదు’గా విన్నా మీరు గమనించకపోవచ్చు. అందుకని మందు పేరు, మోతాదు, ‘వద్దు’ అనే మాట ఉన్న వాక్యాలు పంపేముందు పైకి చదువుకోండి.

మూడో మెట్టు: సమాచారం నడిచే దారి గీయండి

సాఫ్ట్‌వేర్ నేర్పేవాళ్లు బటన్లు చూపిస్తారు: ‘ఇక్కడ నొక్కండి, తర్వాత ఇక్కడ.’ వెర్షన్ మారి ఆ బటన్ పక్కకు జరిగిందంటే నేర్చుకున్నది పోయినట్టే. దానికన్నా ఒక తెల్లకాగితం తీసుకుని ఒక పేషెంట్ ప్రయాణం గీయండి. ఓపీ కౌంటర్‌లో రిజిస్ట్రేషన్, వార్డులో అడ్మిషన్, డాక్టర్ ఆర్డరు, ల్యాబ్ శాంపిల్, రిపోర్టు, ఫార్మసీకి పంపే మందుల జాబితా (ఇండెంట్), మందు ఇవ్వడం, బెడ్ మార్పు, డిశ్చార్జ్, చివర్లో బిల్లు. ఎన్టీఆర్ వైద్య సేవ కేసైతే బిల్లు బదులు ట్రస్టుకు పంపే కాగితాలు ఉంటాయి. ప్రతి మజిలీ దగ్గర రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈ సమాచారం ఎవరు పెడుతున్నారు? పెట్టకపోతే ముందు ఎవరి పని ఆగిపోతుంది?

ఈ బొమ్మ గీశాక చాలామందికి ఒక సంగతి తేలుతుంది. ‘మనకెందుకీ ఎంట్రీ’ అనుకుని బెడ్ మార్పు నమోదు చేయకపోవడం వల్లే ల్యాబ్ బాయ్ తప్పు మంచం దగ్గరికి వెళ్తున్నాడని. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన ఈ-హాస్పిటల్ దేశంలో ఎన్నో ప్రభుత్వ ఆసుపత్రుల్లో నడుస్తోంది. ప్రైవేటులో ఒక్కో యాజమాన్యానికి ఒక్కో సాఫ్ట్‌వేర్. తెరలు వేరైనా దారి దాదాపు ఇదే. ఉద్యోగం మారినా ఈ బొమ్మ మీతో వస్తుంది.

నాలుగో మెట్టు: ఈ అప్పలరాజు ఏ అప్పలరాజు?

ఉత్తరాంధ్రలో పనిచేసే నర్సుకు ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. సింహాచలం అప్పన్న మీద భక్తితో ఈ ప్రాంతంలో ఎన్ని ఇళ్లలో అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనరసమ్మ, సింహాచలం, వరాహాలు ఉన్నారో లెక్కలేదు. పైడితల్లి, నూకరాజు, రమణమ్మ కూడా అంతే. సోమవారం ఓపీ ముగిసేసరికి మేల్ మెడికల్ వార్డులో ఇద్దరు అప్పలరాజులు పక్కపక్కన పడుకోవడం ఇక్కడ వింత కాదు. ఇద్దరిదీ వయసు ‘అరవై ఉంటాయమ్మా’. ఇద్దరికీ షుగరు. ఒక్కోసారి ఇంటిపేరు మొదటి అక్షరం కూడా ఒకటే.

పేరుతో వెతికితే సాఫ్ట్‌వేర్ అందరినీ వరుసగా చూపిస్తుంది. హడావిడిలో వేలు పై పేరు మీద పడుతుంది. అందుకని కొన్ని పద్ధతులు పట్టుకోండి.

పేషెంట్‌ను ‘అప్పలరాజు గారేనా?’ అని అడగొద్దు. చెవులు సరిగ్గా వినబడని పెద్దాయన దేనికైనా ‘ఆఁ’ అంటాడు. ‘తాతగారూ, మీ పేరు చెప్పండి, ఏ ఊరు?’ అని ఆయన నోటితోనే చెప్పించండి. ఆయన చెప్పినదాన్ని చేతికున్న బ్యాండుతో, బ్యాండు మీది యూహెచ్‌ఐడీని తెరతో పోల్చండి. మంచం నంబరు గుర్తింపు కిందికి రాదు, అది రేపటికి మారిపోతుంది. ఫోన్ నంబరూ అంతే. ఇంటిల్లిపాదికీ ఒకే నంబరు ఇచ్చి రిజిస్టర్ చేయించుకునే కుటుంబాలే ఎక్కువ, కాబట్టి నంబరుతో వెతికితే తాత బదులు మనవడు తెరుచుకుంటాడు.

ఒకేపేరువాళ్లు వార్డులో ఉంటే షిఫ్టు మారేటప్పుడు చేసే హ్యాండోవర్‌లోనే చెప్పుకోండి, కేస్ షీట్ మీదా తెర మీదా హెచ్చరిక పెట్టండి. ఒకే మనిషికి రెండు యూహెచ్‌ఐడీలు కనిపిస్తే మీరే ఒకటి ఎంచుకుని పని కానిచ్చేయకండి, రిజిస్ట్రేషన్ వాళ్లకు చెప్పి కలిపించండి. పెన్సిలిన్ అలర్జీ ఒక నంబరు కింద ఉండి, ఇవాళ్టి ఆర్డరు ఇంకో నంబరు కింద ఉంటే కంప్యూటర్ హెచ్చరించదు.

ఈ గందరగోళాన్ని దేశవ్యాప్తంగా తగ్గించడానికే ఆభా నంబరు వచ్చింది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైంది. ఆభా అంటే 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య. ఓపీ దగ్గర క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే పేషెంట్ వివరాలు నేరుగా కౌంటర్‌కు చేరి టోకెన్ వస్తుంది. తప్పు స్పెల్లింగులు అక్కడే చాలావరకు తగ్గుతాయి. ఆభా స్వచ్ఛందం. ‘అది లేకపోతే చూడరు’ అని ఎవరైనా అంటుంటే నర్సే సరిదిద్దాలి.

అయిదో మెట్టు: రాసేది నిజంగా చూసిందేనా

వైటల్స్ చార్టు తీసి శ్వాస రేటు గడి చూడండి. మంచం తర్వాత మంచం 20, 20, 20 అని ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. కాగితం రోజుల్లో ఈ అలవాటు దాగిపోయేది. ఇప్పుడు ఆ అంకె మీద కంప్యూటర్ లెక్కలు వేస్తోంది కాబట్టి నష్టం పెద్దది.

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన న్యూస్-2 స్కోరు పేషెంట్ దిగజారుతున్నాడని ముందే పట్టే పద్ధతి. మన దగ్గర కూడా దాన్నో, దానిలాంటివాటినో వాడే ఆసుపత్రులున్నాయి. ఒక పేషెంట్‌ను ఊహించుకుందాం. శ్వాస రేటు 22, ఆక్సిజన్ పెట్టకుండా ఎస్‌పీఓ2 (రక్తంలో ఆక్సిజన్ శాతం) 94, పై బీపీ 104, పల్స్ 112, జ్వరం 38.4 సెల్సియస్, స్పృహ బాగానే ఉంది. విడివిడిగా చూస్తే ఏ అంకే భయపెట్టదు. స్కోరు వేస్తే వరుసగా 2, 1, 1, 2, 1, మొత్తం 7. ఏడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే అత్యవసరం, సీనియర్ డాక్టర్‌ను పిలవాల్సిందే. ఇదే పేషెంట్‌కు శ్వాస లెక్కపెట్టకుండా 20 అని కొడితే ఆ రెండు మార్కులు పోయి స్కోరు 5కు దిగుతుంది. అప్పుడు కూడా డాక్టర్‌కు చెప్పాల్సిందే, కానీ పరుగెత్తే తొందర ఉండదు. గడియారం చూస్తూ నిమిషం పాటు ఛాతీ లెక్కపెట్టడం ఏ సాఫ్ట్‌వేరూ మన బదులు చేయదు.

మన వార్డుల్లో జ్వరం ఫారెన్‌హీట్‌లో రాస్తాం, స్కోరు సెల్సియస్‌లో ఉంటుంది. 38.4 అంటే 101.1. గడి ఏ కొలత అడుగుతోందో ఒక్కసారి చూసుకుని కొట్టండి.

సమయం సంగతి. వార్డులో మూడు గడియారాలు ఉంటాయి: గోడది, మానిటర్‌ది, కంప్యూటర్‌ది. మూడూ ఒకటే టైము చూపించే వార్డు అరుదు. మెడికో లీగల్ (పోలీసులకు చెప్పాల్సిన) కేసులో అడ్రినలిన్ ఇచ్చిన టైము ఒకచోట 2.10, ఇంకోచోట 2.17 అని ఉంటే కోర్టులో జవాబు చెప్పాల్సింది మీరే. నెలకోసారి మూడూ సరిచూసే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. ఆలస్యంగా రాస్తే ‘ఆలస్యపు నమోదు’ అనే రాయండి, పని జరిగిన టైమూ రాసిన టైమూ రెండూ పెట్టండి. ఇందులో సిగ్గుపడేదేం లేదు. వెనక్కి తేదీ మార్చడం మాత్రం ప్రమాదం. ఎవరు ఏ నిమిషంలో ఏం మార్చారో సాఫ్ట్‌వేర్ లోపల రాసుకుంటూనే ఉంటుంది.

నిన్నటి నోట్‌ను కాపీ చేసి ఇవాళ అతికించడం ఇంకో జబ్బు. కెథటర్ (మూత్రం గొట్టం) తీసేసిన రెండ్రోజుల తర్వాత కూడా ‘కెథటర్ బాగా పనిచేస్తోంది’ అని నోట్స్‌లో కనిపించేది దీనివల్లే. ఇక మందుల దగ్గర అంకెలు రాసేటప్పుడు ‘5.0’ అనొద్దు, చుక్క కనిపించకపోతే 50 అవుతుంది. ‘.5’ అని మొదలుపెట్టొద్దు, ‘0.5’ అనండి. ఇన్సులిన్ పక్కన యూనిట్ అనే మాట పూర్తిగా రాయండి, ఒక్క అక్షరంతో సరిపెడితే అది సున్నాలా కనిపిస్తుంది.

ఆరో మెట్టు: మందులూ హెచ్చరికలూ

బార్‌కోడ్ ఉన్నచోట వరుస మారకూడదు: ముందు పేషెంట్ బ్యాండు, తర్వాత మందు, ఆ తర్వాత ఇవ్వడం. బ్యాండ్ల కోడ్లు కాగితం మీద ప్రింట్ తీసి నర్సింగ్ స్టేషన్‌లోనే స్కాన్ చేసేసే ‘షార్ట్‌కట్’ కొన్ని చోట్ల నడుస్తుంది. అది కనిపిస్తే తిట్టేముందు కారణం అడగండి. సాధారణంగా స్కానర్ ఛార్జింగ్ నిలవకపోవడమో, వైర్‌లెస్ సిగ్నల్ మంచం దాకా రాకపోవడమో ఉంటుంది.

హెచ్చరికలు రోజూ పదుల సంఖ్యలో వస్తే ఎవరైనా చూడకుండా ‘ఓకే’ కొడతారు. ఏ హెచ్చరికను ఎక్కువసార్లు దాటేస్తున్నారో నెలకోసారి ఐటీ వాళ్ల దగ్గర లిస్టు తీసుకుని డాక్టర్లతో, ఫార్మసీతో కూర్చోండి. పనికిరానివి తీయించేస్తే మిగిలినవి కంటికి ఆనుతాయి.

ఏడో మెట్టు: గుట్టు

వాట్సాప్ లేకుండా వార్డు నడవదన్నది నిజమే. డ్యూటీ డాక్టర్‌కు ఈసీజీ ఫొటో పంపకుండా ఎవరూ ఉండలేరు. పంపేటప్పుడు పేరు, నంబరు ఉన్న మూల మూసి తీయండి. ఎవరి ఈసీజీయో విడిగా ఫోన్‌లో చెప్పండి. గ్రూపులో పెట్టకుండా ఆ ఒక్క డాక్టర్‌కే పంపండి. ఆసుపత్రి ఇచ్చిన యాప్ ఉంటే దాన్నే వాడండి. పని అయ్యాక గ్యాలరీలోంచి కూడా తీసేయండి, లేకపోతే ఆ ఫొటో మీ పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఫోన్‌లో తేలుతుంది. నైట్ డ్యూటీలో తీసుకున్న సెల్ఫీ వెనక బోర్డు మీద పేషెంట్ల పేర్లు కనిపిస్తున్నాయేమో స్టేటస్ పెట్టేముందు చూసుకోండి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, డేటాను కాపాడే జాగ్రత్తలు తీసుకోని సంస్థకు గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. హెచ్‌ఐవీ విషయంలో 2017 నాటి చట్టం ఇంకా ముందే గోప్యతను తప్పనిసరి చేసింది. బెడ్ తల దగ్గర, కేస్ షీట్ అట్ట మీద, గ్రూపు మెసేజీలో ఆ మాట రాయడం కుదరదు.

పాస్‌వర్డ్ దగ్గర నా మాట కాస్త కటువుగానే ఉంటుంది: వార్డంతటికీ ఒకే లాగిన్ నడుస్తుంటే తప్పు నర్సులది కాదు, యాజమాన్యానిది. కొత్త సిస్టర్ చేరిన రోజే లాగిన్ ఇవ్వాలి, వెళ్లిపోయినవాళ్లది ఆ సాయంత్రమే మూసేయాలి. ఇన్‌ఛార్జ్‌లు ఈ రెండూ రాతపూర్వకంగా అడగండి. మీరు మాత్రం మీ లాగిన్ ఎవరికీ ఇవ్వొద్దు. దాంతో జరిగిన ప్రతి ఎంట్రీ మీ పేరు మీదే ఉంటుంది.

‘జీతం ఖాతా అప్‌డేట్’, ‘పెండింగ్ చలానా’ అంటూ వచ్చే లింకులు వార్డు కంప్యూటర్‌లో తెరవకండి. మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఏఐ చాట్ యాప్‌లు ఇప్పుడు అందరి ఫోన్లలో ఉన్నాయి. పేషెంట్లకు ఆరోగ్య సలహా సులభమైన తెలుగులో రాయడానికి, క్లాసు తయారు చేసుకోవడానికి బాగానే పనికొస్తాయి. పేషెంట్ పేరు, నంబరు, రిపోర్టు మాత్రం అందులో పెట్టొద్దు. మోతాదు అడగొద్దు, ధైర్యంగా తప్పు చెప్తాయి. ఫార్మసిస్టు పక్క గదిలోనే ఉంటారు.

ఎనిమిదో మెట్టు: సిస్టమ్ పోయిన రోజు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన తర్వాత ఈ ఊళ్లో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. తుఫాను లేకపోయినా ఇబ్బంది రావచ్చు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై సైబర్ దాడి జరిగినప్పుడు దాదాపు రెండు వారాలు ఓపీ, అడ్మిషన్లు, ల్యాబ్ పనులు చేతిరాతతో నడిచాయి. అంత పెద్ద సంస్థకే తప్పలేదు. బంగాళాఖాతం ఒడ్డున ఉన్న మనకు అక్టోబరు, నవంబరు నెలలు ఎలాంటివో చెప్పనక్కర్లేదు.

ప్రతి వార్డులో ఒక పెట్టె పెట్టండి. అందులో ఖాళీ వైటల్స్ చార్టులు, మందుల చార్టులు, ల్యాబ్ రిక్వెస్టు ఫారాలు, తాత్కాలిక నంబర్లున్న చేతి బ్యాండ్లు, ముఖ్యమైన ఫోన్ నంబర్ల కాగితం, టార్చి, పెన్నులు ఉండాలి. పెట్టె మీద చివరిసారి సరిచూసిన తేదీ రాయండి. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే ప్రతి షిఫ్టు చివర పేషెంట్ల జాబితా, నడుస్తున్న మందులు, అలర్జీలు ప్రింట్ తీసి పెట్టండి. కరెంటు పోయాక ప్రింటర్ పనిచేయదు కదా.

అసలు చిక్కు సిస్టమ్ తిరిగి వచ్చాక మొదలవుతుంది. చేతిరాత కాగితాల్లో ఏవి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, ఎవరు ఎక్కించాలి, ఏ వరుసలో అన్నది ముందే తేల్చుకోండి. నేనైతే అలర్జీలు, ఇచ్చిన మందులు, ఆపరేషన్, రక్తం ఎక్కించిన వివరాలు ముందు ఎక్కించమంటాను. గంటగంట వైటల్స్ కాగితాన్ని స్కాన్ చేసి జతచేస్తే సరిపోతుంది. ఆరు నెలలకోసారి ఒక మధ్యాహ్నం, పేషెంట్ల పని ఆగకుండా, గంటసేపు కాగితంతో నడిపి చూడండి. కొత్త సిస్టర్లకు చేతితో ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు గీయడం రాదని అప్పుడు తెలుస్తుంది. ఈ ఒక్క విషయంలో సీనియర్లే గురువులు.

తొమ్మిదో మెట్టు: ఇన్‌ఛార్జ్‌లకు, అంకెలతో పని

ఇక్కడి నుంచి మేనేజర్ల మాట. నెలాఖరున పైకి పంపే రిపోర్టులో ‘ఈ నెల కెథటర్ ఇన్ఫెక్షన్లు 2’ అని రాస్తే అది ఏమీ చెప్పదు. ఎన్ని కెథటర్ రోజులకు రెండు? రోజూ ఒకే సమయానికి, ఉదయం పది అనుకుందాం, వార్డులో కెథటర్ ఉన్నవాళ్లను లెక్కపెట్టి ఒక ఎక్సెల్ గడిలో వేయండి. నెల మొత్తం కూడితే కెథటర్ రోజులు వస్తాయి. ఇన్ఫెక్షన్ల సంఖ్యను దాంతో భాగించి 1000తో గుణిస్తే రేటు వస్తుంది.

ఒక నెల 240 కెథటర్ రోజులకు ఒక ఇన్ఫెక్షన్ వచ్చిందనుకోండి, రేటు 4.2. మరుసటి నెల 600 రోజులకు రెండు వస్తే రేటు 3.3. ఇన్ఫెక్షన్లు రెట్టింపైనట్టు కనిపించినా రేటు తగ్గింది. అయితే ఒకటి రెండు కేసుల మీద ఊగే అంకెను చూసి పండగ చేసుకోవద్దు, సిస్టర్లను నిలదీయనూ వద్దు. కనీసం ఆర్నెల్ల గీత చూసి మాట్లాడండి. పేషెంట్లు పడిపోయిన ఘటనలకూ ఇదే లెక్క, అడుగున కెథటర్ రోజుల బదులు పేషెంట్ రోజులు వస్తాయి.

ఎక్సెల్‌లో మీకు కావలసింది తక్కువే: వడపోత, క్రమంలో పెట్టడం, కూడిక, కౌంట్‌ఇఫ్ (షరతుకు సరిపోయే గడుల లెక్క), పివట్ టేబుల్ (పెద్ద జాబితాకు సారాంశం). తేదీలతో జాగ్రత్త. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే మార్చి 5 కాస్తా మే 3 అయిపోతుంది.

ఘటనల రిపోర్టులు పెరిగితే కంగారు పడకండి. మొదట్లో అవి పెరగడం అంటే సిస్టర్లు చెప్పడం మొదలుపెట్టారన్నమాట. మొదటి రిపోర్టు రాసిన సిస్టర్‌కు మెమో ఇచ్చిన వార్డులో రెండో రిపోర్టు రాదు.

రోస్టర్‌ను ఎక్సెల్‌లో వేసేటప్పుడు సెలవులు, నైట్లతో పాటు ఇంకో గడి పెట్టుకోండి: ఈ షిఫ్టులో సాఫ్ట్‌వేర్ బాగా తెలిసినవాళ్లు ఎవరు? ప్రతి నైట్‌లో ఒక్కరైనా ఉండాలి.

పదో మెట్టు: కొత్త సాఫ్ట్‌వేర్ వస్తుంటే

కొనకముందే నర్సు ఆ గదిలో ఉండాలి. డెమోలో కంపెనీవాళ్లు అందంగా చూపించే పేషెంట్‌ను వదిలేసి, మీ వార్డు కష్టమైన కేసు ఒకటి ఇచ్చి చేయించండి: గుర్తు తెలియని పేషెంట్, రాత్రి రెండింటికి, రక్తం ఎక్కించాలి, మధ్యలో బెడ్ మారాడు. ఎన్ని క్లిక్కులు పడుతున్నాయో లెక్కపెట్టండి.

ట్రైనింగ్ సాధారణంగా ఉదయం పదకొండుకు పెడతారు. అప్పుడు నైట్ డ్యూటీ వాళ్లు ఇంట్లో నిద్రపోతుంటారు. దాంతో సహాయానికి ఎవరూ ఉండని షిఫ్టుకే ఏమీ తెలియకుండా పోతుంది. రాత్రి షిఫ్టుకు విడిగా ట్రైనింగ్ అడగండి, దాన్ని డ్యూటీ గంటల్లోనే లెక్కేయించండి. వార్డుకు ఇద్దర్ని శిక్షకులుగా ఎంచేటప్పుడు అందరికన్నా వేగంగా చేసేవాళ్లను కాకుండా ఓపికగా చెప్పేవాళ్లను తీసుకోండి. విసుక్కునేవాళ్ల దగ్గర రెండోసారి ఎవరూ అడగరు.

కంప్యూటర్ వచ్చాక కూడా పాత రిజిస్టర్లన్నీ కొనసాగించడం నర్సుల పాలిట శాపం. అదే బీపీ మూడుచోట్ల రాస్తే మూడు రకాలుగా ఉంటుంది. కొత్త తెర ఒకటి మొదలైనప్పుడల్లా ఏ రిజిస్టర్ ఏ తేదీన ఆగుతుందో ఉత్తర్వు అడిగి తీసుకోండి. చట్టం కోరే రిజిస్టర్లు ఉంటాయి, వాటి జోలికి వెళ్లొద్దు. మిగతావాటిలో చాలా వాటిని ఎందుకు మొదలుపెట్టారో చెప్పగలిగినవాళ్లు రిటైరైపోయి ఉంటారు.

సాఫ్ట్‌వేర్‌లో ఇబ్బంది వస్తే ‘పనిచేయట్లేదు’ అని ఫోన్ చేసి ఊరుకోవద్దు. ఏ తెర, ఏం నొక్కారు, ఏం వచ్చింది, ఎన్ని గంటలకు అన్నది రాసి, పేషెంట్ పేరు మూసిన స్క్రీన్‌షాట్‌తో పంపి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. నెలాఖరు మీటింగులో ఆ నంబర్ల జాబితా ఉంటే మాట చెల్లుతుంది.

పదకొండో మెట్టు: మీ పేరు సరిచేసుకోండి

నర్సులకు కూడా డిజిటల్ గుర్తింపులున్నాయి. భారత నర్సింగ్ కౌన్సిల్ నడిపే నర్సుల నమోదు వ్యవస్థ ఎన్‌ఆర్‌టీఎస్‌లో నమోదైతే జాతీయ విశిష్ట సంఖ్య వస్తుంది. డిజిటల్ మిషన్‌లోని ఆరోగ్య నిపుణుల రిజిస్ట్రీ హెచ్‌పీఆర్‌లో కూడా నర్సులు చేరవచ్చు. ప్రభుత్వ ఉద్యోగులకు ఆన్‌లైన్ శిక్షణ వేదిక ఐగాట్ కర్మయోగిలో, అందరికీ స్వయం పోర్టల్‌లో ఉచిత కోర్సులున్నాయి. కోర్సు పూర్తిచేసిన సర్టిఫికెట్‌ను ఫోన్ గ్యాలరీలో వదిలేయకుండా తేదీతో ఒక ఫోల్డర్‌లో దాచుకోండి.

ఈ నమోదుల్లో ఎక్కువమంది ఆగిపోయేది ఒక్కచోటే. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మారి ఉంటుంది, జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) సర్టిఫికెట్‌లో పుట్టింటి పేరే ఉంటుంది. ఫారం నింపడం మొదలుపెట్టేముందు పదో తరగతి మెమో, నర్సింగ్ సర్టిఫికెట్, రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఆధార్ నాలుగూ పక్కపక్కన పెట్టుకుని పేరు, పుట్టినతేదీ అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే ఏ కాగితాన్ని మార్చించాలో రాష్ట్ర కౌన్సిల్‌ను అడిగి, ఆ పని అయ్యాకే ఆన్‌లైన్ ఫారం తెరవండి. రెన్యువల్ గడువు దగ్గర పడ్డాక కాకుండా ఇప్పుడే చూసుకుంటే లీవు పెట్టి తిరిగే బాధ ఉండదు.